రాజుగారి కాయితం: అపోహలు, వాస్తవాలు

పోయిన వారం చీపురుపల్లి వైపు నుంచి ఒక పెద్దాయన కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. ప్లాస్టిక్ సంచిలోంచి నాలుగు మడతల కాయితం తీసి బల్ల మీద పరిచాడు. "బాబూ, ఇది పదమూడొందల నలభై నాటిది. రాజుగోరు మా తాతకిచ్చినారు. దీని ముందు ఏ పట్టా నిలబడదంట, నిజవేనా?"

అది ఫసలీ 1340, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం. ఫసలీకి 590 కలుపుకుంటే 1930-31. నిజంగా 1340 అయ్యే వీల్లేదు, విజయనగరం కోట కట్టడం మొదలైందే 1713లో. పైగా అది పట్టా కూడా కాదు, ఎస్టేటు (జమీందారీ) వాళ్లిచ్చిన శిస్తు రసీదు.

రెవెన్యూలో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఇప్పటికీ నెలకి ఇద్దరు ముగ్గురైనా ఇలాంటి కాయితంతో మా వీధరుగెక్కుతారు. అందరిదీ ఒకటే మాట: "మనది సంస్థానం కదండీ, రాజు ఇచ్చిన భూమికి సర్కారు అడ్డేమిటి?"

ఇదే కొంపలు ముంచే అపోహ. సంస్థానం అని అలవాటుగా నేనూ అంటాను, మాటకేం. కానీ తెల్లవాళ్ల కాలంలో సంస్థానమంటే హైదరాబాదు, మైసూరు, మన తెలుగువాళ్లలోనే బనగానపల్లె. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి, మందస - ఇవన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోని జమీందారీలు. 1802 శాశ్వత శిస్తు ఒప్పందంలో విజయనగరానికి ఏడాదికి 5 లక్షల పేష్కషు, అంటే సర్కారుకి జమీందారు చెల్లించాల్సిన మొత్తం, ఖాయం చేశారు. కోర్టూ చట్టమూ ఈస్టిండియా కంపెనీవే. మహారాజు బిరుదు, తుపాకీ సలాములు గౌరవానికే గానీ రాజ్యాధికారానికి కాదు. అందుకే 1947లో ఇక్కడ విలీన పత్రం మీద ఎవరూ సంతకం పెట్టలేదు. విలీనానికి విడి రాజ్యమంటూ ఉంటే కదా! రాజభరణాలూ లేవు, జమీందార్లకి దక్కింది నష్టపరిహారం.

1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో ఎస్టేటు మొత్తం సర్కారుకి దఖలు పడింది. దున్నే రైతుకి, నేరుగా సర్కారుకే శిస్తు కట్టే రైతువారీ పట్టా. 1945 జూలై 1న గానీ ఆ తర్వాత గానీ జమీందారు కొత్తగా భూమిలోకి దింపినవాళ్లకి సర్కారు ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప అదీ లేదు. కాబట్టి ముందు చూడాల్సింది ఊరి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, అంటే ఏ సర్వే నంబరు ఏ రకం భూమో రాసిన రిజిస్టరు. అందులో ఆ సర్వే నంబరుకి ఎదురుగా జిరాయితీ (రైతు సాగుభూమి) అని ఉందా, పోరంబోకు (చెరువు, బాట లాంటి సర్కారు భూమి) అని ఉందా? పోరంబోకైతే ఎంత పెద్ద రాజముద్ర ఉన్నా అడ్వాన్సు ఇవ్వకండి.

ఒకసారి మా దగ్గర బంధువే చెరువు గర్భం కొనబోయాడు. బ్రోకరు చూపించిన కాయితం మీద ఎస్టేటు ముద్ర నిగనిగలాడుతోంది, తేదీ మాత్రం 1953! ఎస్టేటే లేని ఏడాదిలో ఎస్టేటు పట్టా. వాడి మీద వచ్చిన కోపం కంటే ఆడపిల్ల పెళ్లికి దాచిన డబ్బు పట్టుకెళ్లిన మావాడి మీద జాలే ఎక్కువ. తేదీ ఒకటి చూసుంటే సరిపోయేది కదరా అన్నాను. ముద్ర చూశాను బావా అన్నాడు.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను. హంపీ విజయనగరానికీ మన విజయనగరానికీ చుట్టరికం పేరులోనే. బొబ్బిలి యుద్ధంలో (1757) విజయనగరం రాజులైన పూసపాటివారి పక్కన ఫిరంగులతో నిలిచింది ఇంగ్లీషువాళ్లు కాదు, ఫ్రెంచి సేనాని బుస్సీ. పూసపాటివాళ్లు మొదట్నుంచీ కంపెనీకి తలవంచారనేవాళ్లు ఒకసారి విజయనగరం దగ్గరి పద్మనాభం వెళ్లిరావాలి. 1794 జూలై 10న చిన విజయరామరాజు కంపెనీ సేనతో పోరాడి అక్కడే పడిపోయాడు. తగువు మొదలైంది పేష్కషు బకాయి దగ్గరే.

పెద్దాయన సంగతి. ఫెయిర్ అడంగల్ నకలు తెప్పించాం. వాళ్ల నాన్న పేరుంది, జిరాయితీయే. కాకపోతే ఆయన అనుకున్న రెండెకరాలు కాదు, ఎకరా పదకొండు సెంట్లు. కాసేపు మాట్లాడలేదు.

"అయితే ఈ కాయితం పారేయమంటారా?"

"వద్దు, దాచుకో. మీ తాత ఇక్కడ శిస్తు కట్టాడని అదే చెప్తుంది."

పాత మడతల మీదే జాగ్రత్తగా మడిచి మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు.