పద్దు పుస్తకం బతికించిన జంతువులు

ప్రేగ్ నగరం చూడబోయేవాళ్లు చార్లెస్ వంతెన, కోట, పాత చౌకులోని గడియారం చూసి తిరుగుముఖం పడుతుంటారు. నగరానికి నైరుతి దిక్కున దివ్చీ హ్రాదీ అనే గుట్ట ఒకటుంది. 2021 నుంచి ఆ గుట్ట మీది పచ్చిక బయల్లో కొన్ని గుర్రాలు మేస్తున్నాయి. ఇసుక రంగు, పొట్టి కాళ్లు, తెల్లటి మూతి, వాలిపోకుండా నిక్కబొడుచుకున్న జూలు. కంచె బయట నిలబడి చూస్తే టికెట్ కూడా అక్కర్లేదు. ఇవి ప్రజెవాల్‌స్కీ గుర్రాలు, మంగోలియా ప్రజల మాటలో తాఖి. ఇంటి గుర్రం కణంలో 64 క్రోమోజోములు ఉంటే వీటి కణంలో 66 ఉంటాయి. 1969 తర్వాత ఈ జాతి గుర్రం సహజ ఆవాసంలో ఎవరి కంటా పడలేదు. ఈరోజు భూమ్మీద ఇవి మిగిలి ఉన్నాయంటే అది జూల పుణ్యమే.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి ఈ గుర్రాల మందలు మ్యూనిక్‌లోనూ ప్రేగ్‌లోనూ మాత్రమే మిగిలాయి. ఇప్పుడున్న గుర్రాలన్నీ అడవిలో పట్టిన 12 గుర్రాల సంతతి. వాటిలో కొద్దిగా ఇంటి గుర్రాల రక్తం కూడా కలిసింది. అంత చిన్న మందను ఎలా పడితే అలా పెంచితే కొన్ని తరాల్లోనే అన్నీ ఒకదానికొకటి దగ్గరి చుట్టాలైపోతాయి. పుట్టిన పిల్లలు బతకవు, మగవాటి వీర్యం బలహీనపడుతుంది, ఒక్క రోగమొస్తే మొత్తం మంద తుడిచిపెట్టుకుపోతుంది. దీన్ని ఆపే సాధనం ఒక పుస్తకం. దాన్ని స్టడ్‌బుక్ అంటారు. ప్రతి జంతువుకూ ఒక నంబరు, తల్లి నంబరు, తండ్రి నంబరు, పుట్టిన తేదీ, ఏ జూ నుంచి ఏ జూకి ఎప్పుడు మారింది, ఎప్పుడు ఎందుకు చనిపోయింది, ఇవే అందులోని పద్దులు. అడవి జంతువులకు ఇలాంటి పుస్తకం మొదట 1932లో ఐరోపా అడవిదున్న కోసం వచ్చింది. ప్రజెవాల్‌స్కీ గుర్రాల పుస్తకం 1959లో వచ్చింది, దాన్ని ప్రేగ్ జూ నిర్వహిస్తోంది.

ఆ పద్దుల వెనకున్న లెక్క తెలిస్తే జూని చూసే చూపే మారిపోతుంది. పదేసి జంతువులున్న రెండు మందలు ఉన్నాయనుకోండి. ఒకదాంట్లో ఒకే మగది, తొమ్మిది ఆడవి. ఇంకోదాంట్లో అయిదు మగవి, అయిదు ఆడవి. కంటికి రెండూ సమానమే. జన్యుశాస్త్రం లెక్క వేరు: మగవాటి సంఖ్యను ఆడవాటి సంఖ్యతో, ఆ వచ్చినదాన్ని నాలుగుతో గుణించి మొత్తం సంఖ్యతో భాగించాలి. రెండో మంద విలువ 10, మొదటి దాని విలువ 3.6 మాత్రమే. పిల్లలన్నిటికీ ఒకే తండ్రి కావడం వల్ల వచ్చే నష్టం అది. ఈ విలువ ఎంత తక్కువైతే తరతరానికీ జన్యు వైవిధ్యం అంత వేగంగా తరిగిపోతుంది. విలువ 25 ఉంటే తరానికి 2 శాతం పోతుంది, 10 ఉంటే 5 శాతం. ఆరంభంలో పట్టిన జంతువుల సంఖ్య కూడా ముఖ్యమే. ఒకదానికొకటి చుట్టరికం లేని 20 జంతువులతో మొదలుపెడితే మూల జాతి వైవిధ్యంలో 97.5 శాతం చేతికొస్తుంది. ఏడింటితో మొదలుపెడితే దాదాపు 93 శాతమే. మూల వైవిధ్యంలో 90 శాతాన్ని వందేళ్ల పాటు నిలబెట్టడం జూలు చాలాకాలంగా పెట్టుకున్న లక్ష్యం.

అందుకే జూల్లో జోడీలను కుదిర్చేది జంతువు అందం, పరాక్రమం చూసి కాదు. బతికున్న మిగతా అన్నిటితో దానికి సగటున ఎంత చుట్టరికం ఉందో కంప్యూటర్ లెక్కగడుతుంది. చుట్టరికం తక్కువున్నదానికి మొదటి అవకాశం. అప్పటికే ఎక్కువమంది పిల్లల్ని కన్న మగదాన్ని వేరు చేస్తారు, లేదా ఆడవాటికి గర్భనిరోధక ఇంప్లాంట్ పెడతారు. ఉత్తర అమెరికాలో 1981 నుంచి, ఐరోపాలో 1985 నుంచి జూలన్నీ కలిసి ఈ పని చేస్తున్నాయి. ఒక జూలోని జంతువుకు జోడీ వేరే దేశంలో దొరకడం మామూలే. ఈ ఏర్పాటులో జంతువుల్ని కొనడం, అమ్మడం ఉండదు. ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరికి పంపుకుంటారు.

ప్రేగ్ గుర్రాల విషయంలో పుస్తకం తన పని తాను చేసింది. అసలు కష్టం తర్వాత మొదలైంది. 1992లో మంగోలియాకు మొదటి గుర్రాలు చేరాయి. ఐరోపాలో పుట్టిన గుర్రాలకు అక్కడి పిడుదుల ద్వారా వచ్చే పైరోప్లాస్మోసిస్ అనే రక్తపు జబ్బు కొత్త. చిన్నప్పుడే ఆ పరాన్నజీవి సోకి రోగనిరోధక శక్తి వచ్చిన స్థానిక గుర్రాలు తట్టుకుంటాయి. ఇవి తట్టుకోలేక కొన్ని చనిపోయాయి. 2009-10 చలికాలంలో గోబీ ప్రాంతంలో మంచు గడ్డిని కప్పేయడంతో అక్కడి మందలో సగానికి పైగా పోయాయి. అందుకే ఇప్పుడు ఒకే చోట కాకుండా దూరదూరంగా ఉన్న అనేక ప్రాంతాల్లో వదులుతున్నారు. 2024లో ప్రేగ్ జూ ఏడు గుర్రాలను కజకిస్థాన్ గడ్డిమైదానానికి విమానాల్లో చేర్చింది. ప్రయాణంలో గుర్రం ఒక్కో పెట్టెలో నిలబడే ఉంటుంది. వెనక్కి తిరగబోయి కాలు విరగ్గొట్టుకోకుండా పెట్టెను ఇరుగ్గా చేస్తారు. దిగాక కొన్నాళ్లు పెద్ద ఆవరణలో ఉంచి, అక్కడి గడ్డికీ చలికీ అలవాటయ్యాకే గేటు తెరుస్తారు. ప్రేగ్ జూ చూడాలంటే మెట్రో సి లైన్‌లో నాద్రాజీ హోలెషోవిత్సే దాకా వెళ్లి, అక్కడ 112 నంబరు బస్సెక్కాలి. జూ ఏటవాలు కొండ మీద ఉంది కాబట్టి మంచి బూట్లు వేసుకుంటే సుఖం.

అమెరికాలోని ఫీనిక్స్‌కు వెళ్తే కథ ఇంకో మలుపు తిరుగుతుంది. ఎడారి మధ్యలో ఉన్న ఈ నగరంలో 1963లో అరేబియా ఒరిక్స్ మంద మొదలైంది. తెల్లటి ఒళ్లు, కత్తుల్లా నిటారుగా పొడవాటి కొమ్ములు ఉన్న ఎడారి జంతువు ఇది. యెమెన్ వైపు ఎడారిలో పట్టి తెచ్చినవి మూడు, లండన్, కువైట్, సౌదీ అరేబియాల నుంచి వచ్చినవి ఆరు, మొత్తం తొమ్మిది. పొడి ఎండ అరేబియాను పోలి ఉంటుందనే ఫీనిక్స్‌ను ఎంచుకున్నారు. 1972లో ఒమన్‌లో చివరి అడవి ఒరిక్స్‌లు వేటకు బలయ్యాయి. పదేళ్లకు, 1982లో, జూ సంతతి అదే ఎడారిలో అడుగుపెట్టింది. విడివిడిగా వదిలితే చెల్లాచెదురైపోతాయని, ముందు ఆవరణలోనే ఒక మందగా కలిసేలా చేసి వదిలారు. ఆ ఎడారిలో ఉండే హరాసీస్ తెగవాళ్లే కాపలాదార్లు. 1996 నాటికి అవి 400 దాటాయి. అప్పుడే మళ్లీ దొంగతనాలు మొదలయ్యాయి. ప్రైవేటు సంపన్నులకు అమ్మడానికి ఆడవాటిని ప్రాణాలతో పట్టుకుపోయారు. 2007కి మిగిలినవి 65. ఆ ఏడాది ఒమన్‌లో ఈ ఒరిక్స్‌లుండే అభయారణ్యాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తీసేసింది, అలా తొలగించిన మొదటి ప్రదేశం అదే. మిగతా అరబ్ దేశాల్లో వదిలిన మందలు నిలదొక్కుకోవడంతో 2011లో ఈ జంతువు ప్రమాద స్థాయి ఒక మెట్టు తగ్గింది. పిల్లల్ని పుట్టించడం జూకి చేతనైన పని, తుపాకినీ వలనూ ఆపడం దాని చేతిలో లేదు.

ఈ మాటకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం శాన్ డియేగోలో ఉంది. కాలిఫోర్నియా కాండోర్ అనే రాబందు రెక్కలు చాపితే దాదాపు మూడు మీటర్లు. 1982లో ప్రపంచంలో మిగిలినవి 22. 1987లో చివరి అడవి పక్షిని కూడా పట్టి, మొత్తం 27 పక్షులను శాన్ డియేగో, లాస్ ఏంజెలెస్ జూల్లో ఉంచారు. ఆనాడు దీన్ని చాలామంది తప్పుబట్టారు. అది సరైన పనే అని తర్వాత తేలింది. ఆరేళ్లు వస్తే గానీ ఈడుకు రాని పక్షి, రెండేళ్లకొకసారి ఒకే గుడ్డు పెట్టే పక్షి, అడవిలో పుట్టేవాటికన్నా చచ్చేవే ఎక్కువగా ఉన్నప్పుడు తనంతట తాను కోలుకోలేదు.

జూ ఇక్కడ పక్షి స్వభావాన్నే ఆసరా చేసుకుంది. పెట్టిన గుడ్డు పోతే కాండోర్ నెల రోజుల అటూ ఇటుగా ఇంకొకటి పెడుతుంది. మొదటి గుడ్డును తీసి ఇంక్యుబేటర్‌లో పెడితే ఏటా రెండు, ఒక్కోసారి మూడు పిల్లలు. పొదిగే కాలం దాదాపు 57 రోజులు. ఆ రోజుల్లో గుడ్డును మళ్లీ మళ్లీ తూకం వేస్తుంటారు, ఎందుకంటే పక్షి గుడ్డు పొదిగే కాలంలో నీటి ఆవిరి రూపంలో తన బరువులో సుమారు 12 నుంచి 15 శాతం కోల్పోవాలి. తక్కువ పోతే లోపల గాలి గది చాలక పిల్ల ఊపిరాడక పోతుంది, ఎక్కువ పోతే ఎండిపోయి పెంకుకు అతుక్కుంటుంది. తూకం చూసి గాలిలో తేమను పెంచుతూ తగ్గిస్తూ ఉంటారు. బయటికొచ్చిన పిల్లకు మనిషి కనబడకూడదు. కాండోర్ తలలా చేసిన తోలుబొమ్మను చేతికి తొడుక్కుని మేత పెడతారు.

అంత జాగ్రత్త పడ్డా పొరపాటు జరిగింది. 1992లో వదలడం మొదలుపెట్టాక కొన్ని కుర్ర పక్షులు ఇళ్ల మీద వాలాయి, మనుషుల దగ్గరికి నడిచొచ్చాయి, కరెంటు తీగలకు తగిలి చనిపోయాయి. తోలుబొమ్మ మేత పెట్టగలదు గానీ బుద్ధి చెప్పలేదు. పెద్ద కాండోర్ పిల్లల్ని ముక్కుతో పొడుస్తుంది, మేత దగ్గర వెనక్కి నెడుతుంది, ఆగడం నేర్పుతుంది. అందుకని వదిలే ముందు కుర్ర పక్షుల మధ్య ఒక పెద్ద పక్షిని ఉంచడం మొదలుపెట్టారు. ఆవరణలో ఉత్తుత్తి కరెంటు స్తంభం నాటి, దాని మీద వాలితే చిన్న షాక్ తగిలేలా చేశారు. ఆ తర్వాత తీగల చావులు బాగా తగ్గాయి.

తగ్గనిది సీసం. వేటగాళ్ల తూటా జంతువు ఒంట్లో చిన్న చిన్న రేణువులుగా చెదిరిపోతుంది. కాండోర్ ఆ కళేబరాన్ని తింటే, ఎముకల్ని సైతం కరిగించే దాని కడుపులోని ఆమ్లం సీసాన్ని కూడా కరిగిస్తుంది. జీర్ణాశయం కండరాలు చచ్చుబడి, గొంతు సంచి నిండుగా ఉండగానే పక్షి ఆకలితో చనిపోతుంది. అందుకే స్వేచ్ఛగా ఎగిరే కాండోర్లను ఇప్పటికీ తరచూ పట్టి రక్తపరీక్ష చేస్తారు, సీసం ఎక్కువుంటే దాన్ని బయటికి లాగే మందు ఇంజెక్షన్ ఇస్తారు. 2019 జులై నుంచి కాలిఫోర్నియాలో వేటకు సీసపు తూటాలు పూర్తిగా నిషేధం. ఇప్పుడు కాండోర్ల సంఖ్య 500 దాటింది, అయినా ఈ కాపలా ఎత్తేస్తే నిలబడదు. వీటిని చూడాలంటే నగరం నడిబొడ్డున బాల్బోవా పార్కులో ఉన్న జూతో ఆగకూడదు. ఉత్తరాన 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న సఫారీ పార్కుకు ఇంకో రోజు కేటాయించాలి, టికెట్ వేరు.

శాన్ డియేగో జూని నడిపే సంస్థ దగ్గర 1970ల నుంచి పోగుచేసిన కణాల భాండాగారం ఉంది. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో 10 వేలకు పైగా జంతువుల కణాలు. నల్లకాళ్ల ఫెర్రెట్ అనే, ముంగిసలా సన్నగా పొడవుగా ఉండే జంతువు ఏడింటి సంతతిగా మాత్రమే మిగిలింది. 1988లో చనిపోయిన విల్లా అనే ఆడది ఆ ఏడింటిలో లేదు. దాచిన దాని కణం నుంచి 2020 డిసెంబరులో ఎలిజబెత్ ఆన్ అనే క్లోన్ పుట్టింది. 2024లో విల్లా ఇంకో క్లోన్ పిల్లల్ని కంది. ఎప్పుడో మూసేసిన పద్దు 36 ఏళ్ల తర్వాత మళ్లీ తెరుచుకుంది.

వాషింగ్టన్‌లోని జాతీయ జూకి టికెట్ లేదు, ఉచిత ప్రవేశ పాసు తీసుకుంటే చాలు. బ్రెజిల్ తీరపు అడవుల బంగారు సింహపు టామరిన్ కోతిని 1984 నుంచి అడవికి పంపడంలో ఈ జూది పెద్ద చెయ్యి. మొదట పంపినవి కొమ్మ మీద నుంచి జారిపడ్డాయి. జూలో కదలని గట్టి కర్రల మీద పెరిగిన కోతికి ఊగే సన్నకొమ్మ తెలియదు, గిన్నెలో తిన్న కోతికి బెరడు కింద పురుగుల్ని వెతకడం రాదు. తర్వాత వాటిని వేసవిలో జూ చెట్ల మీదే బోను లేకుండా వదిలి అలవాటు చేశారు. వదిలాక కూడా కొన్ని నెలలు మేత పెట్టారు. అవి పెద్దగా నేర్చుకోలేదు గానీ, అడవిలో పుట్టిన వాటి పిల్లలు నేర్చుకున్నాయి. నేటి అడవి టామరిన్లలో మూడో వంతు అలా వెళ్లినవాటి సంతతే.

కొత్త నగరంలో ఏ జూకి వెళ్లాలో తేల్చుకోవడానికి కొన్ని గుర్తులున్నాయి. ఐరోపాలో ఈఏజడ్ఏ, అమెరికాలో ఏజడ్ఏ అనే జూల సంఘాల్లో సభ్యత్వం ఉందో లేదో జూ వెబ్‌సైట్‌లో చూసుకోండి. పులిపిల్లను ఒళ్లో పెట్టుకుని ఫొటో తీయించే చోటికి వెళ్లకండి, అంత చిన్న పిల్లను తల్లి నుంచి లాగేసే ఆ వ్యాపారం నడుస్తుంది. తెల్లపులిని గొప్పగా చూపించే జూని కూడా అనుమానించాల్సిందే. తెల్లపులి ప్రత్యేక జాతి కాదు, ఆ రంగు కోసం రక్తసంబంధం ఉన్నవాటినే కలుపుతూ వచ్చారు. అందుకే చాలావాటికి మెల్లకన్ను ఉంటుంది. 2011లో ఏజడ్ఏ తన సభ్యులను వీటి పెంపకం మానమంది. తలుపులు తెరిచే వేళకే వెళ్తే జంతువులు చురుగ్గా ఉంటాయి. ఆవరణ ఖాళీగా కనబడితే నిరుత్సాహపడొద్దు, దాక్కునే చోటు ఉండడం మంచి ఆవరణ లక్షణం. బోర్డు మీద ఆ జంతువు సంయుక్త పెంపక కార్యక్రమంలో ఉందని రాసి ఉంటే అక్కడ ఇంకో పది నిమిషాలు ఆగండి.

లండన్ జూలో అలా ఆగాల్సిన చోటు వేలిగోరంత నత్తల దగ్గర. ఇవి తాహితీ చుట్టుపక్కల దీవుల పార్తులా నత్తలు. పంటలు తినే ఆఫ్రికా రాక్షస నత్తను చంపుతుందని 1970ల్లో అక్కడికి వేటాడే నత్తను తెచ్చి వదిలారు. అది రాక్షస నత్తను వదిలేసి పార్తులాలను తినడం మొదలుపెట్టింది. పదుల జాతులు పోయాయి. మిగిలినవాటిని ప్లాస్టిక్ పెట్టెల్లో పెట్టి జూలకు చేర్చారు. అక్కడా అన్నీ దక్కలేదు: ఒక జాతిలో చివరి నత్త 1996లో లండన్ జూలోనే పరాన్నజీవి సోకి చనిపోయింది. అప్పటి నుంచి ఒక్కో జాతిని ఒకే చోట ఉంచకుండా వేర్వేరు నగరాల జూలకు పంచడం మరీ ముఖ్యమైంది. 2015 నుంచి దీవుల్లో వదిలినవి 30 వేలు దాటాయి. వదిలే ముందు ఒక్కో నత్త పెంకు మీద అతినీలలోహిత కాంతికి మెరిసే రంగుతో చుక్క పెడతారు. ఇవి రాత్రిపూట తిరిగే జీవులు, దీపం వేసి వెతికేవాళ్లకు చుక్క మెరిస్తే అది జూ నుంచి వచ్చిన నత్త. 2024లో పార్తులా తోహివియానా జాతిలో చుక్క లేని పెద్ద నత్తలు దొరికాయి. అవి అడవిలోనే పుట్టి పెరిగినవి.