‘హ్యాక్నీ డైమండ్స్’ గురించి పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

ఎనభై ఏళ్ల వయసున్నవాళ్లు చేసిన రాక్ ఆల్బమ్‌ను మేమెందుకు వినాలని మీరు అడిగారు. రోలింగ్ స్టోన్స్ పాటలు వింటూనే తల నెరిసినవాణ్ణి కాబట్టి, నేను ఆ బృందాన్ని వెనకేసుకొస్తానని మీరు ముందే అనుకుని ఉంటారు. 2023 అక్టోబరు 20న వచ్చిన ‘హ్యాక్నీ డైమండ్స్’ను నేను మనస్ఫూర్తిగా ఇష్టపడుతున్నాను. అయినా దాని మీద నాకొక గట్టి ఫిర్యాదు ఉంది. ఆ ఇష్టానికీ ఈ ఫిర్యాదుకూ మూలం ఒక్కటే: ఈ బృందం పాటల్లో ఒక దరువుకూ మరో దరువుకూ మధ్య, ఒక గిటార్‌కూ మరో గిటార్‌కూ మధ్య మిగిలే ఖాళీ. ఆ ఖాళీ ఉన్నచోట ఆల్బమ్ అద్భుతంగా ఉంది. దాన్ని పూడ్చేసిన చోట బాగానే ఉంది కానీ, అది ఇంకెవరైనా చేయగల పని.

ముందుగా కొంత చరిత్ర చెప్పాలి. ఈ బృందం 1962లో లండన్‌లో మొదలైంది. గాయకుడు మిక్ జాగర్, గిటార్ వాయించే కీత్ రిచర్డ్స్ ఇద్దరూ 1943లో పుట్టినవారు, చిన్ననాటి నుంచీ ఒకరినొకరు ఎరిగినవారు. మరో గిటార్ వాద్యకారుడు రానీ వుడ్ 1970ల మధ్యలో వచ్చి చేరారు. డ్రమ్స్ వాయించిన చార్లీ వాట్స్ 1963లో చేరి, 2021 ఆగస్టు 24న తన 80వ ఏట కన్నుమూసే వరకూ ఆ స్థానంలోనే ఉన్నారు. సొంతంగా రాసుకున్న కొత్త పాటలతో వాళ్లు అంతకుముందు తెచ్చిన ఆల్బమ్ 2005 నాటి ‘ఎ బిగ్గర్ బ్యాంగ్’. 2016లో వచ్చిన ‘బ్లూ అండ్ లోన్‌సమ్’లో ఉన్నవన్నీ అమెరికా నల్లజాతివారి సంగీతమైన బ్లూస్ బాణీలోని పాత పాటలు. అంటే సొంత పాటల ఆల్బమ్ కోసం అభిమానులు 18 ఏళ్లు ఎదురుచూడవలసి వచ్చింది. ఆ ఏళ్లలో రికార్డింగులు జరగకపోలేదు గాని, ఆల్బమ్ మాత్రం ఒక కొలిక్కి రాలేదు. చివరికి జాగరే పట్టుబట్టి ఒక గడువు పెట్టడంతో పని ముందుకు సాగింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. చార్లీ వాట్స్ వాయిస్తున్న పాత వీడియో ఏదైనా చూడండి. డ్రమ్స్ వాయించేవారి పక్కన ఒకదానిమీద ఒకటి బోర్లించిన రెండు ఇత్తడి పళ్లేల్లాంటివి ఉంటాయి. దాన్నే హై-హ్యాట్ అంటారు. మామూలుగా రాక్ డ్రమ్స్ వాయించేవారు కుడిచేత్తో దాన్ని ఆపకుండా కొడుతూనే, ఎడమచేత్తో రెండో లెక్కకూ నాలుగో లెక్కకూ స్నేర్ అనే డ్రమ్ మీద దెబ్బ వేస్తారు. చార్లీ అలా చేసేవారు కాదు. ఎడమచెయ్యి స్నేర్ మీద పడే క్షణానికి కుడిచేతిని హై-హ్యాట్ మీదినుంచి పైకి ఎత్తేసేవారు. చూస్తే చాలా చిన్న విషయమే, కానీ దాని ఫలితం పెద్దది. స్నేర్ దెబ్బ పడినప్పుడు దానితో కలిసి మరే లోహపు చప్పుడూ ఉండదు కనుక ఆ దెబ్బ ఒంటరిగా, స్పష్టంగా నిలబడుతుంది. పాట ఆ చోట ఒక్కసారి ఊపిరి తీసుకున్నట్టు వినిపిస్తుంది. మరో విశేషం కూడా ఉంది. చాలా బృందాల్లో డ్రమ్స్ నడిపిన దారిలో గిటార్ నడుస్తుంది. ఇక్కడ మాత్రం కీత్ గిటార్ ముందు నడిస్తే చార్లీ దాని వెంట వెళ్లేవారు. అందువల్ల లయ కొద్దిగా అటూ ఇటూ తూలినట్టు ఉంటుంది, కానీ ఎక్కడా పడిపోదు.

కీత్ గిటార్ సంగతి కూడా ఇలాంటిదే. 1960ల చివరినుంచి ఆయన తన ప్రసిద్ధమైన పాటలెన్నింటినో ‘ఓపెన్ జి’ అనే శ్రుతిలో వాయించారు. ఆరు తీగల గిటార్‌లో అన్నిటికన్నా మందంగా ఉండే తీగను తీసేసి, మిగిలిన అయిదింటినీ ఏ వేలూ అదమకుండానే ఒక పూర్తి కార్డ్, అంటే కలిసి మోగే స్వరాల గుంపు, పలికేలా సవరించుకుంటారు. 1981 నాటి ‘స్టార్ట్ మీ అప్’ మొదట్లో వినిపించే గిటార్ అదే. రెండు దెబ్బలు వేస్తారు, ఆగుతారు, మళ్లీ వేస్తారు. ఆ ఆగిన చోటే పాటకు ప్రాణం. కీత్, రానీ వుడ్ ఇద్దరూ కలిసి వాయించేటప్పుడు కూడా ఒకరు ప్రధానం, మరొకరు తోడు అన్న పంపకం ఉండదు. ఒకరు విడిచిన సందులోకి మరొకరు వచ్చి, వాళ్లు తిరిగి వచ్చేసరికి తప్పుకుంటారు. ఎవరు ఏ స్వరం వాయించారో చెప్పడం అలవాటైన చెవులకు కూడా కష్టమే.

ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, నా ఫిర్యాదు అప్పుడే మీకు అర్థమవుతుంది. ఈ ఆల్బమ్ నిర్మాత ఆండ్రూ వాట్ 1990లో పుట్టినవారు, ఓజీ ఆస్బోర్న్, ఇగ్గీ పాప్ వంటి పెద్దలతో పనిచేసినవారు. ఆయన లేకపోతే ఈ ఆల్బమ్ పూర్తయ్యేదే కాదేమో. ఆ ఉత్సాహానికి నేను కృతజ్ఞుణ్ణి. అయితే ఆయన ధ్వని దట్టంగా ఉంటుంది. మెల్లని చప్పుడుకూ గట్టి చప్పుడుకూ ఉండవలసిన తేడా తగ్గిపోయి, అన్నీ ఒకే ఎత్తులో, ఒకే మెరుపుతో వినిపిస్తాయి. మొదటి పాట ‘యాంగ్రీ’ని గమనించండి. గిటార్ వరస అచ్చంగా కీత్ చేతినుంచి వచ్చినదే, ‘స్టార్ట్ మీ అప్’ వంశానికి చెందినదే. కానీ ఆయన ఆగిన ప్రతిచోటా ఇంకేదో వచ్చి నిండిపోతుంది. పాట హుషారుగా ఉంది, పల్లవి పట్టుకుంటే వదలదు. అయినా పూర్తయ్యాక నాకు తృప్తి కలగలేదు. తరువాతి ‘గెట్ క్లోజ్’లో ఎల్టన్ జాన్ పియానో వాయించారు. అంతటి వాద్యకారుడి వేళ్లను ఆ హోరులో వెతుక్కోవలసి రావడం నాకు బాధ కలిగించింది. ‘బైట్ మై హెడ్ ఆఫ్’ మాత్రం వేరు. అది మొదటినుంచీ గొడవ చేయడానికే పుట్టిన పాట. అందులో బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్నీ బేస్ గిటార్ గరగరలాడుతూ ఒకచోట ముందుకు దూసుకొస్తుంటే, ఆ వయసులో ఇంత కసి ఎక్కడిదని ఆశ్చర్యపోయాను. బీటిల్స్‌కూ స్టోన్స్‌కూ మధ్య పోటీ గురించి వినీ వినీ పెరిగిన మా తరానికి, ఆ రెండు బృందాలవాళ్లూ ఒకే పాటలో చేరి అల్లరి చేయడం కళ్లు చెమర్చే సంగతి.

చాలా పాటల్లో డ్రమ్స్ వాయించినది స్టీవ్ జోర్డన్. చార్లీ లేడు కాబట్టి లయ పోయిందని కొందరు తేలికగా అనేస్తారు. అది న్యాయం కాదు. జోర్డన్ ఎన్నో ఏళ్లుగా కీత్‌తో కలిసి పనిచేసినవారు, చార్లీ స్వయంగా నమ్మి తన స్థానానికి సూచించినవారు. ఆయన దెబ్బ బలమైనది, నేరుగా పడుతుంది. అది లోపం కాదు, ఆయన స్వభావం.

ఇక ఏడో పాట ‘మెస్ ఇట్ అప్’, ఎనిమిదో పాట ‘లివ్ బై ది స్వోర్డ్’ దగ్గరికి వచ్చేసరికి చెవులు రిక్కించండి. ఈ రెండింటిలో వినిపించేది చార్లీ వాట్సే. ఆయన ఉన్నప్పుడు రికార్డు చేసిపెట్టిన దరువుల మీద మిగతావాళ్లు పాటను పూర్తి చేశారు. ‘మెస్ ఇట్ అప్’ నాట్యానికి పనికొచ్చే పాట, 1978 నాటి ‘మిస్ యూ’కు చెల్లెలి వంటిది. పైన ఎంత మెరుగు పెట్టినా, కింద ఆ స్నేర్ ఒంటరిగా పలకడం తెలుస్తూనే ఉంటుంది. ‘లివ్ బై ది స్వోర్డ్’ కోసం, 1990ల మొదట్లోనే బృందాన్ని విడిచిపోయిన బిల్ వైమన్ తిరిగి వచ్చి బేస్ వాయించారు. పాటగా చూస్తే అది మధ్యరకందే, నాకేమీ మొహమాటం లేదు. కానీ వైమన్, వాట్స్ కలిసి మోసే బరువును అందులో మరొక్కసారి వినవచ్చు. చార్లీ లేరన్న దుఃఖం ఆ పాట విన్నప్పుడే నాకు పూర్తిగా తెలిసింది.

‘డ్రీమీ స్కైస్’ ఊరికి దూరంగా వెళ్లిపోవాలన్న కోరికతో సాగే కంట్రీ బాణీ పాట. ఎవరికీ తొందర లేదు, అందుకే అందంగా ఉంది. కీత్ పాడిన ‘టెల్ మీ స్ట్రెయిట్’ మూడు నిమిషాల్లోపే ముగుస్తుంది. ఆయన గొంతులోని గరుకుతనాన్ని నునుపు చేయనందుకు నిర్మాతకు నమస్కారం.

పదకొండో పాట ‘స్వీట్ సౌండ్స్ ఆఫ్ హెవెన్’ ఏడు నిమిషాలు దాటి సాగుతుంది. స్టీవీ వండర్ కీబోర్డులు వాయించారు, లేడీ గాగా జాగర్‌తో కలిసి పాడారు. 1972లో స్టోన్స్ అమెరికా పర్యటనలో వాళ్లకు ముందుగా వేదికెక్కి పాడిన స్టీవీ, అర్ధ శతాబ్దం తరువాత మళ్లీ వాళ్ల పక్కన కూర్చున్నారు. పాట చాలా మెల్లగా, చర్చిలో ప్రార్థనలా మొదలై, ఒక్కొక్క వాద్యమూ చేరుతూ శిఖరానికి చేరి ఆగిపోతుంది. ముగిసిందని మనం అనుకుంటాం. అప్పుడు ఆ నిశ్శబ్దంలోంచి జాగర్ ఒక చిన్న పలుకు వేస్తారు, గాగా దానికి బదులిస్తారు, కీబోర్డు అందుకుంటుంది, డ్రమ్స్ నెమ్మదిగా లేస్తాయి, మళ్లీ పాట మొత్తం పైకి ఎగసిపోతుంది. 1969 నాటి ‘గిమ్మీ షెల్టర్’లో గాయని మెర్రీ క్లేటన్ గొంతు జాగర్‌ను ఎలా తరిమిందో, ఇక్కడ గాగా గొంతు అలా తరుముతుంది, ఎనభయ్యో ఏటికి చేరువైన ఆ మనిషి వెనక్కి తగ్గరు. ఈ ఒక్క పాటలో నిర్మాత వాట్ ధ్వని కూడా తలుపులు తెరుచుకుని నిలబడింది. స్టోన్స్ మొత్తం పాటల్లో మొదటి వరసలో కూర్చోబెట్టదగ్గ పాట ఇది. అభిమానంతో అంటున్న మాట కాదు, పక్కపక్కన పెట్టి విని అంటున్నాను.

చివరిది ‘రోలింగ్ స్టోన్ బ్లూస్’. బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ 1950లో తన ఎలక్ట్రిక్ గిటార్ తప్ప వేరే తోడు లేకుండా పాడిన పాట ఇది. బృందానికి పేరు వచ్చింది దీనినుంచే. 1961లో డార్ట్‌ఫర్డ్ రైల్వే స్టేషన్‌లో జాగర్, కీత్ మళ్లీ కలిసినప్పుడు, జాగర్ చంకలో చక్ బెర్రీ రికార్డుతో పాటు మడ్డీ వాటర్స్ రికార్డు కూడా ఉంది. వాళ్ల సంభాషణ అక్కడినుంచే మొదలైంది. ఇన్నేళ్ల తరువాత ఆ పాటను వాళ్లిద్దరే చేశారు. డ్రమ్స్ లేవు, బేస్ లేదు, అతిథులు లేరు. కీత్ గిటార్, జాగర్ గొంతు, హార్మోనికా అంతే. కీత్ తీగను మీటి దాన్ని ఆరిపోయేదాకా వదిలేస్తారు. జాగర్ తొందరపడి ఆ జాగాలోకి రారు. హార్మోనికాతో ఒక్క ఊపిరి ఊది, మళ్లీ కీత్‌కు విడిచిపెడతారు. నేను ఇంతసేపు చెప్పిన ఖాళీ ఇక్కడ దాపరికం లేకుండా వినిపిస్తుంది. ఆల్బమ్ మొత్తం ఇలాగే చేసి ఉంటే అమ్మకాలు ఇంతగా ఉండేవి కావేమో గాని, నా ఫిర్యాదు మాత్రం ఉండేది కాదు.

ఈ ఆల్బమ్‌కు 2025లో ఉత్తమ రాక్ ఆల్బమ్‌గా గ్రామీ పురస్కారం వచ్చింది, సంతోషమే. మీరు మాత్రం దాన్ని మొదటి పాటనుంచి మొదలుపెట్టకండి. ముందు మడ్డీ వాటర్స్ 1950 రికార్డు వినండి, వెంటనే ఈ పన్నెండో పాట వినండి. ఆ తరువాత ‘మెస్ ఇట్ అప్’లో స్నేర్ దెబ్బ మీద మాత్రమే మనసు పెట్టండి. దాని పక్కన ‘యాంగ్రీ’ పెట్టి, జోర్డన్ దెబ్బకూ చార్లీ దెబ్బకూ తేడా ఏమిటో మీ మాటల్లో నాకు రాయండి. ‘స్వీట్ సౌండ్స్ ఆఫ్ హెవెన్’ను ఇంకే పనీ లేనప్పుడు, మధ్యలో ఆపకుండా, పెద్ద స్పీకర్లలో వినండి. వాట్ ధ్వని విషయంలో నాతో ఏకీభవించకపోతే, ఏ పాటలో అది మీకు నచ్చిందో ఆ పాట పేరు కూడా రాయండి, నేను మరోసారి వింటాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య