బుధన్ నాటకం వెనుక ఉన్న చట్టం

1998 ఆగస్టు 31న అహ్మదాబాద్‌లోని ఛారానగర్ వాడలో, ఒకప్పుడు నేరస్థ జాతిగా ముద్రపడిన ఛారా తెగ యువకులు ఒక నాటకం ఆడారు. కథ మాత్రం వారిది కాదు, ఎక్కడో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లాది. అయినా ఆ కథ వారికి కొత్త కాదు. రెండు చోట్లా జనాన్ని వెంటాడింది ఒకే చట్టం.

1871 నాటి నేరస్థ జాతుల చట్టం నేరాన్ని పుట్టుకకే అంటగట్టింది. జాబితాకెక్కిన కులంలో పుడితే చాలు, పేరు నమోదు చేయించుకోవాలి, పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాలి. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం ఆ కాలంలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపిన ఎరుకల సెటిల్‌మెంటే, అంటే జాబితాకెక్కినవారిని నిఘాలో ఉంచిన కాలనీ. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ పాత దస్త్రాలు తిరగేసి తేల్చినదేమిటంటే, ఎరుకలవారు ఉప్పు, ధాన్యం మోసుకుని ఊరూరా తిరిగిన వర్తకులు. రైళ్లు, సర్కారు ఉప్పు విధానం కలిసి ఆ వర్తకాన్ని దెబ్బతీశాయి. బతుకుతెరువు పోగొట్టిన సర్కారే తర్వాత దొంగలని ముద్ర వేసింది.

మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. ఛారానగర్ నాటకం అదే తేదీన పడటం కాకతాళీయం కాదు. రద్దయిన చట్టం స్థానంలో రాష్ట్రాలు తెచ్చిన 'అలవాటుపడిన నేరగాళ్ల' చట్టాలతో పాత అనుమానం కొత్త పేరుతో కొనసాగింది.

1998 ఫిబ్రవరి 10న పురూలియాలో ఖేరియా శబర్ తెగకు చెందిన బుధన్ భార్యతో సైకిల్ మీద వెళుతూ పాన్ దుకాణం దగ్గర ఆగాడు. పోలీసులు పట్టుకుపోయారు. వారం తిరిగేసరికి నిర్బంధంలోనే చనిపోయాడు. ఆత్మహత్య అన్నారు. శవం దహనమైతే సాక్ష్యమూ బూడిదవుతుందని శబర్లకు తెలుసు. దిష్టిబొమ్మను చితి మీద పెట్టి, అసలు శవాన్ని బుధన్ ఇంట్లోనే పాతిపెట్టారు. రెండో పోస్టుమార్టం సాధ్యమైంది అందువల్లే. రచయిత్రి మహాశ్వేతాదేవి, శబర్ల సంక్షేమ సమితి కలకత్తా హైకోర్టుకు వెళ్లారు. జస్టిస్ రూమా పాల్ పరిహారం చెల్లించాలని, సీబీఐ దర్యాప్తు జరగాలని ఆదేశించారు.

మహాశ్వేతాదేవి, సాహిత్య విమర్శకుడు గణేశ్ దేవి చొరవతో ఛారానగర్‌లో పెట్టిన గ్రంథాలయంలో యువకులు ఆ తీర్పు చదివారు. వారిలో ఒకరైన దక్షిణ్ బజరంగే దాన్ని నాటకంగా మలిచారు. నాటక బృందానికీ బుధన్ పేరే పెట్టుకున్నారు. ఛారానగర్‌లో సారా కాచేవారు లేరని ఎవరూ అనరు. కానీ కాయని ఇంటి తలుపూ పోలీసులు తట్టే చోట, ఠాణా దృశ్యం ఎలా నటించాలో ఎవరో వచ్చి నేర్పనక్కర్లేదు. నా లెక్కలో ఆ నాటకానికి అసలు బలం మాత్రం కోర్టు కాగితాలే. కట్టుకథ అని కొట్టిపారేయడానికి వీల్లేకుండా చేసింది అవే.

పరిశోధన ఇటీవల మరో మలుపు తెచ్చింది. జైళ్లలో కుల వివక్షపై పాత్రికేయురాలు సుకన్యా శాంత జరిపిన పరిశోధన సుప్రీంకోర్టుకు చేరింది. 2024 అక్టోబరు 3న వచ్చిన తీర్పు జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది, విముక్త జాతులవారిని, అంటే ఆ పాత చట్టం రద్దుతో నేరస్థ జాబితా నుంచి బయటపడినవారిని, ఇష్టారాజ్యంగా అరెస్టు చేయరాదంది. ఆ కేసులో కోర్టు ముందుకొచ్చిన జైలు నిబంధనల్లో ఆంధ్రప్రదేశ్‌వీ ఉన్నాయి.