కనపడని అక్షరం, కనపడని నిర్ణయం: ఓపెన్ సోర్స్‌లో పారదర్శకత వెనక కథ

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో, ఒక మేడ మీద గదిలో, ఆదివారాలు కొందరు ఇంజినీరింగ్ పిల్లలతో కూర్చుంటాను. ఎచ్చెర్ల నుంచి, ఆమదాలవలస నుంచి, టెక్కలి నుంచి వస్తారు. ఓపెన్ సోర్స్, అంటే కోడ్ ఎవరైనా చూసి మార్చుకోగల సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో, చిన్న చిన్న తప్పులు వెతికి సరిచేయడం నేర్చుకుంటున్నారు. పోయిన ఏడాది వాళ్లలో ఆమదాలవలస అమ్మాయి ఒక టూల్‌లో తప్పు పట్టుకుంది. తెలుగు టెక్స్ట్‌ని శుభ్రం చేసి ఇచ్చే టూల్ అది. దానికి "సాఫ్ట్‌వేర్" అని ఇస్తే "సాఫ్ట్వేర్" అని మార్చి ఇస్తోంది.

ఈ రెండింటికీ తేడా కంటికి కనపడని ఒకే ఒక్క అక్షరం. పొల్లు పక్కన ఇంకో హల్లు కొడితే అది వత్తుగా కిందికి దిగిపోతుంది. అలా దిగకుండా ఆపడానికి మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనేదాన్ని పెడతాం. తెర మీద దానికి రూపమూ లేదు, వెడల్పూ లేదు. ఆ టూల్ దాన్ని చెత్త అనుకుని ఏరిపారేస్తోంది. అమ్మాయి నాలుగు లైన్లు మార్చింది, ఎందుకు మార్చిందో వివరంగా రాసింది, పంపించింది. పదకొండో రోజున దాన్ని మూసేశారు. కారణం రాయలేదు. ఆ ప్రాజెక్టు చూసుకునే ముగ్గురూ తమ సొంత చాట్ గ్రూపులో మాట్లాడుకుని, అసలు ఆ భాగమే తీసేద్దామని అనుకున్నారని చాన్నాళ్లకి తెలిసింది.

"తప్పుంటే తప్పని చెప్పొచ్చు కదండీ మాస్టారూ. ఏటీ చెప్పకపోతే నాకు తెలిసేదెలాగ?" అంది ఆ అమ్మాయి. నా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రాజెక్టు కోడ్ ఎవరైనా చూడొచ్చు. లైసెన్స్ కూడా సరైనదే. అది ఓపెన్ సోర్స్ కాదని ఎవరూ అనలేరు. అయినా ఆ పిల్లకి తలుపు మూసే ఉంది. కోడ్ తెరిచిపెట్టడం ఒకటి, పని తెరిచిపెట్టడం ఇంకొకటి. ఈ రెండోదాని కోసం చాలామంది చాలా ఏళ్లు పోట్లాడారు. ఆ కథ మన పిల్లలకి తెలియాలని నాకు గట్టిగా ఉంది.

మొదట్లో గొడవంతా కోడ్ చూడనివ్వడం గురించే. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ ల్యాబ్‌కి జిరాక్స్ కంపెనీ లేజర్ ప్రింటర్ ఒకటి వచ్చింది. అందులో మాటిమాటికీ కాగితం ఇరుక్కుపోయేది. పాత ప్రింటర్ ఉన్నప్పుడు అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్, కాగితం ఇరుక్కుంటే పని పంపినవాళ్ల తెర మీద కబురు కనిపించేలా ఏర్పాటు చేసుకున్నాడు. కొత్తదానికీ అలాగే చేద్దామంటే దాని సోర్స్ కోడ్, అంటే మనిషి చదవగలిగే అసలు ప్రోగ్రాం, ఇవ్వలేదు. ఆ కోడ్ ఉన్న వేరే యూనివర్సిటీ మనిషిని వెళ్లి అడిగితే, ఎవరికీ ఇవ్వనని సంతకం పెట్టానన్నాడట. ఆ కోపం లోపలే ఉండిపోయింది. 1983 సెప్టెంబరు 27న స్టాల్‌మన్ ఎవరైనా చూసి మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టం రాయడానికి గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పెట్టాడు. 1989లో, కోడ్‌ని ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అనే జీపీఎల్ లైసెన్స్ మొదటి ప్రతి వచ్చింది.

జీపీఎల్ చాలా గొప్ప పని చేసింది. అయితే అది మాట్లాడేది ప్రోగ్రాం చేతికొచ్చాక మనకుండే హక్కుల గురించే. ఆ ప్రోగ్రాం తయారవుతున్నప్పుడు ఎవరు నిర్ణయిస్తారు, ఎక్కడ కూర్చుని నిర్ణయిస్తారు, వద్దన్నదాన్ని ఎందుకు వద్దన్నారో చెప్తారా లేదా అన్నది దాని పరిధిలో లేదు. ఆ లోటు గ్నూ ఇంట్లోనే బయటపడింది. జీసీసీ అనే కంపైలర్ (రాసిన కోడ్‌ని కంప్యూటర్ నడపగలిగే ప్రోగ్రాంగా మార్చేది) గ్నూకి గుండెకాయ లాంటిది. 1990ల మధ్యకొచ్చేసరికి దాని పని కొద్దిమంది చేతుల్లోనే నడుస్తోంది. బయటివాళ్లు పంపిన మార్పులు నెలల తరబడి కదలవు. లోపల ఏం జరుగుతోందో కొత్త వెర్షన్ వచ్చేదాకా తెలియదు. విసిగిపోయిన కొందరు 1997లో అదే కోడ్ తీసుకుని ఈజీసీఎస్ పేరుతో వేరుకుంపటి పెట్టారు. రోజూ జరిగే మార్పులన్నీ అందరికీ కనపడేలా ఉంచారు. రెండేళ్లు తిరగకుండానే, 1999లో, ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆ వేరుకుంపటినే అసలు జీసీసీగా ఒప్పుకుంది. కోడ్ రెండు చోట్లా స్వేచ్ఛగానే ఉంది. మనుషులు మాత్రం పని కనపడే చోటికే వెళ్లారు.

దానికి కాస్త ముందే, 1995లో మొదలైన ఆపరేటింగ్ సిస్టం ప్రాజెక్టు ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు ఇంకో అడుగు వేశారు. అప్పటిదాకా ప్రాజెక్టు సభ్యులే చూడగలిగిన మార్పుల చరిత్రని, ఏ లైను ఎప్పుడు ఎవరు మార్చారన్న వివరాలతో సహా, ఎవరైనా చూసే వీలు కల్పించారు. ఇవాళ కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్‌లో మన పిల్లలు మామూలుగా చూసే ఆ హిస్టరీ ఒకప్పుడు బయటివాళ్లకి చూపించనిది!

1997 జులైలో, లినక్స్ మీద నడిచే డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం తయారుచేసేవాళ్లు తమ వినియోగదారులకి ఒక ఒప్పందం రాసిచ్చారు. అందులో ఒక మాట నాకు చాలా ఇష్టం. సమస్యల్ని దాచం, మా తప్పుల పట్టీ మొత్తాన్ని ఎప్పుడూ అందరికీ కనపడేలా ఉంచుతాం అన్నది దాని సారం. బాగున్నప్పుడు ఎవరైనా ఇలాంటి మాట ఇస్తారు. డెబియన్‌కి పరీక్ష 2008 మేలో వచ్చింది.

అంతకు రెండేళ్ల ముందు, 2006లో, ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే, ఇతర ప్రోగ్రాంలు వాడుకునే భద్రతా కోడ్ లైబ్రరీలో డెబియన్ తరఫున ఒకాయన రెండు లైన్లు తీసేశాడు. తప్పులు వెతికే ఒక టూల్ ఆ లైన్ల మీద హెచ్చరిక చూపిస్తోందని తీశాడు. కానీ రహస్య తాళాలు తయారుచేయడానికి కావలసిన ఊహకందని అంకెలు వచ్చేది ఆ దారిలోనే. ఆ లైన్లు పోయాక మిగిలింది, నడుస్తున్న ప్రోగ్రాంకి కంప్యూటర్ ఇచ్చే ప్రాసెస్ నంబర్ ఒక్కటే. దాంతో ఒక్కో రకం తాళానికి దాదాపు 32 వేల తాళంచెవులే మిగిలాయి. కంప్యూటర్‌కి అన్నీ పెట్టి చూడటం ఎంతసేపు? రెండేళ్ల పాటు లెక్కలేనన్ని సర్వర్లు అలాంటి తాళాలతోనే నడిచాయి.

డెబియన్ ఏం చేసిందో చూడండి. దిద్దుబాటుతో పాటు తప్పు మాదేనని 2008 మే 13న బయటికి చెప్పింది. పనికిరాని తాళాలని పట్టుకునే టూల్ కూడా ఇచ్చింది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ లైన్లు తీసేముందు ఆయన ఓపెన్ఎస్ఎస్ఎల్ వాళ్ల ఈమెయిల్ లిస్ట్‌లో తీయొచ్చా అని అడిగిన ఉత్తరమూ దానికొచ్చిన జవాబులూ అందరికీ కనిపించే చోటే ఉన్నాయి. దొంగతనం కాదు, నిర్లక్ష్యమూ కాదు, రెండు పక్షాలూ ఒకరినొకరు సరిగ్గా అర్థం చేసుకోలేదు. ఎవరి మాట మీదా ఆధారపడకుండా ఎవరికి వాళ్లు చదివి తేల్చుకునే వీలుంది. ఆ ఉత్తరాలే లేకపోతే ఆ మనిషి జీవితాంతం అనుమానం మోయాల్సి వచ్చేది. పారదర్శకత తప్పు చేసినవాడికి కూడా రక్ష అని నాకు అర్థమైంది ఇక్కడే.

డెబియన్‌లోనూ అన్నీ బయట లేవు. సభ్యులు మాత్రమే చదువుకునే లిస్ట్ ఒకటుంది. అందులోని పాత ఉత్తరాల్ని కొన్నేళ్ల తర్వాత బయటపెట్టాలని 2005లో ఓటు వేసి తీర్మానం చేశారు. అది అమలు కాలేదు.

అపాచీ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ వాళ్లది మరో దారి. 1995లో వెబ్ సర్వర్లు నడుపుకునే కొందరు, ఎవరి ఊళ్లో వాళ్లుండి, ఎవరి ఉద్యోగం వాళ్లు చేసుకుంటూ మొదలెట్టిన ప్రాజెక్టు అది. ఒకరికి పగలైతే ఇంకొకరికి రాత్రి. అందుకే నిర్ణయాలన్నీ ఉత్తరాల్లోనే జరగాలని కట్టుబాటు పెట్టుకున్నారు. లిస్ట్‌లో జరగనిది జరగనట్టే లెక్క. ఇద్దరు ఫోన్‌లో మాట్లాడుకున్నా తిరిగి వచ్చి అక్కడ రాయాల్సిందే. ఇది పెద్ద సిద్ధాంతంలోంచి పుట్టలేదు, దూరంలోంచి పుట్టింది. ఎచ్చెర్లలో కూర్చున్న పిల్లవాడికి శాన్‌ఫ్రాన్సిస్కో కాఫీ షాపులో జరిగే మాటలు వినపడవు. రాసిన మాట ఒక్కటే వాడిదాకా వస్తుంది.

ఈ సంగతి మన ప్రాంతం వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. ఉపాధి హామీ పనులు 2006 ఫిబ్రవరిలో మొదటి విడత మొదలైన జిల్లాల్లో విజయనగరం ఒకటి, తర్వాతి విడతలో శ్రీకాకుళం చేరింది. ఆ పనుల మీద సోషల్ ఆడిట్‌లో మస్తర్లు తెచ్చి ఊళ్లో అందరి ముందూ పైకి చదివేవారు. ఎవరి పేరు మీద ఎన్ని రోజులు, ఎంత కూలి అని. ఒక సభలో ఒక ముసలమ్మ లేచి, "ఆ వారం నాను పనికే ఎల్లనేదు బాబూ, మా కూతురింటికాడున్నాను" అనడం నేను విన్నాను. మస్తరు అప్పటికే ఆఫీసులో ఉంది, అడిగితే ఇస్తారు కూడా. కానీ చదువు రాని ఆ మనిషికి అది తెరుచుకున్నది పైకి చదివినప్పుడే.

ఇప్పుడు ఆ కనపడని అక్షరం దగ్గరికి మళ్లీ వస్తాను. 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా ఒక తెలుగు అక్షరం గురించి మాట్లాడుకుంది, గుర్తుందా? జ్ఞ తర్వాత ఈ జీరో విడ్త్ నాన్ జాయినర్, దాని తర్వాత దీర్ఘం వచ్చే ఒక వరుసని మెసేజ్‌లో పంపితే ఐఫోన్‌లో ఆ యాప్ కుప్పకూలేది. తెలుగు తెలియనివాళ్లు కూడా తమాషాకి ఒకరికొకరు పంపుకున్నారు. యాపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 అప్‌డేట్‌తో సరిచేసింది. ఆలస్యం చేసిందని నేను అనను. కానీ అది మన అక్షరం. అది ఎందుకు విరిగిందో తెలుసుకోవాలంటే మనకి దారి లేదు. బయటివాళ్లు రకరకాల అక్షరాలు పెట్టి, ఏది కూలుతోందో చూసి, లోపల ఏం జరుగుతుండొచ్చో ఊహించారు. బెంగాలీ, దేవనాగరి వరుసలు కొన్ని కూడా కూలుతున్నాయని అలాగే తేల్చారు. అదే పని, అంటే అక్షరాల్ని కూర్చి తెర మీద చూపించే పని, ఆండ్రాయిడ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రేఆఫీస్‌లో చేసేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ. అందులో తెలుగు వత్తు తేడాగా పడితే ఎవరైనా ఫిర్యాదు రాయొచ్చు, ఎవరు ఏం జవాబిచ్చారో చదవొచ్చు, ఏ లైను మార్చారో చూడొచ్చు.

పారదర్శకత లేని చోట ఏమవుతుందో చెప్పే కథలు ఇంకా ఉన్నాయి. ఓపెన్‌ఆఫీస్ అనే ఆఫీసు పనుల సాఫ్ట్‌వేర్ 2010లో ఒరాకిల్ కంపెనీ చేతికి వెళ్లాక, దాని భవిష్యత్తు ఏమిటో తెలియక పనిచేసేవాళ్లలో చాలామంది ఆ సెప్టెంబరులోనే బయటికొచ్చి లిబ్రేఆఫీస్ మొదలెట్టారు. ఎలాస్టిక్‌సెర్చ్ అనే వెతుకులాట సాఫ్ట్‌వేర్ 2021లో, రెడిస్ అనే డేటాబేస్ 2024లో లైసెన్స్ మార్చినప్పుడు, బయట ఉండి కోడ్ రాసిచ్చినవాళ్లకి ఆ నిర్ణయం ప్రకటన రూపంలోనే తెలిసింది.

ఎక్స్‌జెడ్ కథ మాత్రం తీరిగ్గా చెప్పాలి. ఫైళ్లని కుదించే చిన్న టూల్ అది, దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి జీతం లేకుండా ఒకే మనిషి చూసుకుంటున్నాడు. 2022లో ముక్కూమొహం తెలియని పేర్లతో లిస్ట్‌కి ఉత్తరాలు రావడం మొదలైంది. పని నెమ్మదిగా సాగుతోంది, ఇంకెవరికైనా అప్పగించు అని. తన మానసిక ఆరోగ్యం అంత బాగాలేదని, ఇది తనకి జీతం లేని సరదా పని అని ఆయన జవాబు రాశాడు. చదువుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. అప్పటికే సాయం చేస్తూ నమ్మకం సంపాదించిన జియా టాన్ అనే పేరుకి మెల్లగా బాధ్యతలు వెళ్లాయి. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి ఒకటి దూరింది.

2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ దాన్ని బయటపెట్టాడు. ఎస్ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేమిటా అని వెతుక్కుంటూ వెళ్తే దొరికింది. మన కథకి సంబంధించిన ముక్క ఇక్కడుంది. దొంగ సరుకు అసలు భాగాన్ని పరీక్షల కోసం పెట్టే ఫైళ్లలో, మనిషి చదవలేని రూపంలో దాచారు. దాన్ని మేల్కొలిపే స్క్రిప్ట్ అందరూ చూసే కోడ్ నిల్వలో (రిపాజిటరీలో) లేనే లేదు. విడుదల చేసిన ప్యాకేజీలో మాత్రమే ఉంది. చూపించినదీ పంపినదీ ఒకటి కాదు. ప్యాకేజీని కోడ్‌తో పోల్చి చూసే అలవాటు చాలామందికి లేదు కాబట్టి ఆ సందులోంచి వచ్చారు.

"చూశారా, ఓపెన్ సోర్స్ అయినా ఇలా జరిగింది" అని అప్పట్లో చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను. పట్టుకోగలిగింది కోడ్ చేతిలో ఉండబట్టే. తర్వాత రెండేళ్ల వెనక్కి వెళ్లి, ఏ ఉత్తరం ఎవరు రాశారు, ఒత్తిడి ఎలా పెంచారు, బాధ్యత ఏ నెలలో చేతులు మారింది అన్నది ఒక్కొక్కటిగా బయటికి లాగగలిగింది ఆ మాటలన్నీ అందరి ముందూ జరగబట్టే. అదే ఒక ప్రైవేట్ చాట్‌లో నడిచి ఉంటే?

దాచాల్సినవి కొన్ని ఉంటాయి. భద్రతా లోపం దొరికితే దిద్దుబాటు సిద్ధమయ్యేదాకా గుట్టుగా ఉంచడం సబబే. ఒక సభ్యుడి ప్రవర్తన మీద ఫిర్యాదు వస్తే, ఇచ్చినవాళ్ల పేరు బజారున పెట్టకూడదు. ఇవి కాక మిగతావన్నీ చాట్ గ్రూపుల్లోకి జారిపోవడమే ఇప్పటి చిక్కు. చాట్‌లో జవాబు వెంటనే వస్తుంది, కాబట్టి ఎవరినీ తప్పుపట్టలేం. కానీ ఆహ్వానం ఉంటేగానీ లోపలికి వెళ్లలేం, వెతికితే దొరకదు, ఆర్నెల్లకి ఎవరికీ గుర్తుండదు. ఆండ్రాయిడ్ సంగతీ చూడండి. 2025 మార్చిలో గూగుల్ ఇక దాని పని మొత్తం లోపలే చేస్తామని, తయారయ్యాక కోడ్ ఇస్తామని చెప్పింది. కోడ్ వస్తుంది. వాదన రాదు.

మా గదిలో గోడ మీద ఒక కాగితం అంటించి ఉంటుంది. "సాఫ్ట్‌వేర్" అన్న మాటని గిడుగు ఫాంట్‌లో పెద్దగా ప్రింట్ తీసి పెట్టాను. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి, జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారి పేరే ఆ ఫాంట్‌కి పెట్టారు. గురజాడ పేరుతోనూ ఒకటుంది. రెండూ ఓపెన్ లైసెన్స్‌లో ఉన్నవే. లోపల ఏ అక్షరం ఎలా గీశారో చూడొచ్చు, మార్చుకోవచ్చు.

ఆమదాలవలస అమ్మాయి ఆ మార్పునే ఈ ఏడాది వేరే ప్రాజెక్టుకి పంపింది. రెండో రోజునే మూడు ప్రశ్నలు వచ్చాయి. ఈ గుర్తు నిజంగా తెలుగుకి కావాలా, మాట చివర ఉంటే తీసేయొచ్చా, ఉదాహరణలు ఇస్తావా అని. తను పది మాటలు రాసి పంపింది: ఫేస్‌బుక్, షార్ట్‌కట్, హార్డ్‌వేర్, ఇంకా అలాంటివి. మాట చివరిది తీసేయొచ్చని ఒకరు, వద్దని ఇంకొకరు వారం రోజులు వాదించుకున్నారు. చివరికి తను రాసిన నాలుగు లైన్లలో మూడు ఉంచారు, ఒకటి ఎందుకు వద్దో రాసి తీసేశారు.

మొన్న ఆదివారం టెక్కలి కుర్రాడు ఆ చర్చ మొత్తం ఫోన్‌లో పైనుంచి కిందికి చదివాడు. చదివాక, తీసేసిన ఆ నాలుగో లైను గురించి కింద ఇంకో ప్రశ్న టైపు చేయడం మొదలెట్టాడు.