రిపోర్టులో ‘అట్రోఫీ’ ఉంటే మెదడు కరిగిపోయినట్టు కాదు

“మా నాయనకు మెదడు కరిగిపోతా ఉండాదంట సార్.” నెల్లూరులో, ఒంగోలులో స్కానింగ్ సెంటర్ల ముందు ఈ మాట వినపడని రోజు లేదు. చేతిలో ఎంఆర్ఐ రిపోర్టు, అందులో ‘ఏజ్ రిలేటెడ్ సెరిబ్రల్ అట్రోఫీ’ కింద పెన్నుతో గీత. ఆ గీత ఎప్పుడూ అట్రోఫీ కిందే ఉంటుంది, ‘ఏజ్’ కింద ఉండదు. రాత్రికి చెన్నై రైలెక్కి, అక్కడ మళ్లీ అదే స్కాన్.

ఆ లైనుకు అర్థం మెదడు కాస్త కుంచించుకుంది (అదే అట్రోఫీ), అదీ వయసుకు తగ్గట్టేనని. మెదడు పై పొర కార్టెక్స్. దాని సగటు మందం 2 నుంచి 3 మిల్లీమీటర్లు. ఒకే మనిషిలో చోటును బట్టి 1 నుంచి 4.5 దాకా మారుతుంది. డెబ్బై ఏళ్లవాళ్లు ఇద్దరుంటే ఒకరికి మడతల మధ్య సందులు వెడల్పుగా, ఇంకొకరికి ఇరుగ్గా ఉండొచ్చు. ఇద్దరూ చిల్లర లెక్క సరిగ్గానే చెబుతుంటారు. ఫిల్మ్ ఒక్కటే చూసి మతిమరుపు జబ్బు తేల్చలేం.

చూడాల్సింది జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ చుట్టూ. ముఖానికి ఎదురుగా నిలువునా తీసే కొరోనల్ కట్స్‌లో అక్కడ ఎంత కుంచించుకుందో చూసి ఎంటీఏ స్కోరు 0 నుంచి 4 వేస్తారు. 75 ఏళ్ల లోపు 2, ఆ పైన 3 వస్తే అనుమానించాలి. అదీ మనిషి తీరుతో కలిపే: తెలిసిన దారి తప్పుతున్నాడా, ఎన్నాళ్లుగా? రక్తంలో బీ12 విటమిన్, థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ చూశారా? ఈమధ్య కిందపడ్డాడా? ముసలివాళ్లకు చిన్న దెబ్బకే మెదడు మీది పొర కింద (సబ్‌డ్యూరల్‌లో) రక్తం చేరి, వారాల తర్వాత మతి తప్పుతుంది. దానికి ఆపరేషన్ ఉంది. స్కాన్ తీసేది ఇలాంటివి పట్టుకోవడానికి.

రెండు మిషన్ల మీద తీసిన స్కాన్లు పక్కన పెట్టి “నెలలో ఇంత తగ్గింది” అనడం తప్పు. మందం కొలవాలంటే 1 మిల్లీమీటర్ సన్నటి కట్స్‌తో తీసే త్రీడీ టీ1 స్కాన్ ఉండాలి, రొటీన్ 5 మిల్లీమీటర్ల కట్స్ పనికిరావు. తల కదిలినా కొలతలో కార్టెక్స్ సన్నగా వస్తుంది. దగ్గుంటే టెక్నీషియన్‌కు ముందే చెప్పండి. పాత స్కాన్ సీడీ దాచండి. ఫిల్మ్ చాలదు.

దీనికి ఎదురు తప్పు ఇంకా ప్రమాదం. పిల్లాడికి ఫిట్స్, ఎంఆర్ఐ నార్మల్, అంతే, ఇంట్లోవాళ్లు మాత్రలు ఆపేస్తారు. నార్మల్ అంటే మూర్ఛ లేదని కాదు. కార్టెక్స్‌లో చిన్న డిస్‌ప్లేసియా (సరిగా ఏర్పడని చోటు) రొటీన్ స్కాన్‌కు దొరక్కపోవచ్చు. మూర్ఛ కోసం ప్రత్యేకంగా తీసే స్కాన్ కావాలని, ‘ఎపిలెప్సీ ప్రోటోకాల్’ అని చీటీలో రాయించుకోండి. మాత్ర ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

ఇక మిగతావి. ఒకవైపు వెంట్రికల్ (మెదడు లోపలి నీటి గది) కాస్త పెద్దగా ఉండటం చాలామందిలో మామూలే. పారాసింగులేట్ సల్కస్ అనే మడత సందు కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు. ఒకే పోలిక కవలలకు కూడా మడతలు ఒకేలా ఉండవు. పెద్ద మెదడుంటేనే తెలివా? ఐన్‌స్టీన్ మెదడు 1,230 గ్రాములు, సగటు మగవాడి కన్నా తక్కువే. మెదడు పెంచే సిరప్పులా? దండగ. ఆ డబ్బుతో ముందు బీ12 పరీక్ష చేయించండి.