బొమ్మలు వేయడానికి డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ అక్కర్లేదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

జూన్‌లో కొత్త బ్యాచ్ మొదలవగానే పిల్లల తల్లిదండ్రులు ముందు అడిగేది సామాన్ల లిస్టు. ఆదివారం క్లాసుకి వచ్చే ఉద్యోగస్తులూ అదే అడుగుతారు. నేను రాసిచ్చింది చూసి "ఇంతేనా మాస్టారూ?" అని అనుమానంగా చూస్తారు. రాజమండ్రిలో బొమ్మలు వేయడం నేర్పుతూ ఈ డబ్బుల విషయంలో రకరకాల మాటలు వింటుంటాను. వాటికి జవాబులు ఒకచోట పెడదామని ఇది.

అపోహ: పెద్ద రంగుల పెట్టె ఉంటేనే మంచి బొమ్మ వస్తుంది.

48 రంగుల సెట్టు కనిపిస్తే చెయ్యి ఆగదు, ఒప్పుకుంటాను. కానీ అందులో చాలావరకు మనం ప్లేటులో కలుపుకోగలిగినవే. వాటర్ కలర్స్‌లో నా లిస్టు ఐదు ట్యూబులే: లెమన్ యెల్లో, యెల్లో ఓకర్, క్రిమ్సన్, అల్ట్రామెరైన్ బ్లూ, బర్న్‌ట్ సియెన్నా. నలుపు కొనొద్దు. అల్ట్రామెరైన్‌లో బర్న్‌ట్ సియెన్నా కలిపితే బూడిద రంగు నుంచి నలుపు దాకా వస్తాయి. నీలం పాలు ఎక్కువైతే వానమబ్బు, సియెన్నా ఎక్కువైతే తడిసిన చెట్టు మాను. ట్యూబులు విడిగా కొనుక్కుంటే అయిపోయినదాన్నే మళ్లీ కొంటారు. ట్యూబులో రంగు గడ్డకట్టినా పారేయకండి. వాటర్ కలర్‌ని పట్టి ఉంచేది తుమ్మజాతి చెట్ల బంక, తడి తగిలితే మళ్లీ కరుగుతుంది. ట్యూబు కోసి ఒక చిన్న మూతలో పెట్టుకుని వాడుకోవచ్చు. యాక్రిలిక్‌కి మాత్రం ఇది కుదరదు, అది ఎండితే ప్లాస్టిక్కే.

అపోహ: నేర్చుకునేటప్పుడు కాగితం ఏదైతేనేం?

పెన్సిల్‌కైతే నిజంగానే ఏదైనా పర్వాలేదు. ఆఫీసులో ఒకవైపు ప్రింట్ చేసి పడేసిన కాగితాలు తెచ్చుకోండి, ఒక హెచ్‌బీ, ఒక 4బీ పెన్సిల్ కొనుక్కోండి, ఏడాది గడిచిపోతుంది.

వాటర్ కలర్ దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది. నన్నడిగితే ఉన్న డబ్బంతా పెట్టాల్సింది కాగితం మీదే. జిరాక్స్ కాగితం 70, 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందనే లెక్క) ఉంటుంది. దాని మీద తడి బ్రష్ పెట్టగానే ఉబ్బి, అలలు తేలి, గుంటల్లో రంగు చేరుతుంది. రెండోసారి బ్రష్ తిప్పితే పీచు లేస్తుంది. రంగు లోపలికి ఇంకిపోయి ఆరాక వెలవెలబోతుంది. వాటర్ కలర్ కోసం చేసిన 300 జీఎస్ఎం కాగితానికి సైజింగ్, అంటే గంజిలాంటి పూత, సరిగ్గా ఉంటుంది. నీళ్లు కాసేపు పైనే నిలుస్తాయి. ఆ కాసేపట్లోనే కదా మనం రంగును రంగులోకి పారించేది! చవక కాగితం మీద నెలల తరబడి కుస్తీ పట్టి "నా చేతిలో కళ లేదు" అని వదిలేసినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల చేతుల్లో లోపమేమీ లేదు, ఆ కాగితం మీద ఎవరు వేసినా అంతే.

ఖర్చు తగ్గించే దారి ఏమిటంటే, స్పైరల్ ప్యాడ్లు కాకుండా 22 బై 30 అంగుళాల పూర్తి షీటు కొనడం. మూడుసార్లు సగానికి మడిస్తే ఎనిమిది ముక్కలు. మడత అటూ ఇటూ గట్టిగా నలిపి, స్కేలు ఆనించి చింపితే అంచు కూడా అందంగా వస్తుంది. పాడైపోయిన బొమ్మ వెనకవైపు సాధనకి. ఒక్క షీటుతో కొన్ని ఆదివారాలు నడుస్తాయి.

అపోహ: జంతువుల వెంట్రుకల బ్రష్షులే మంచివి.

సింథటిక్ రౌండ్ బ్రష్, 8 నంబరు, ఒక్కటి చాలు. తడిపి విదిలిస్తే మొన సూదిగా రావాలి, షాపులోనే నీళ్లడిగి చూసుకోండి. ముంగిస వెంట్రుకల బ్రష్షులంటూ ఎవరైనా ఇస్తే తీసుకోకండి. ముంగిస వన్యప్రాణి రక్షణ చట్టం కిందకి వస్తుంది, ఆ బ్రష్షులు అమ్మడం నేరం.

అపోహ: ఇంట్లో చేసుకునే రంగులు పిల్లల ఆటలకే పనికొస్తాయి.

ఈ మాట అనేవాళ్లు ఒకసారి శ్రీకాళహస్తి వెళ్లి రావాలి. కలంకారీ బట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. ముందుగా గీతలు గీసుకునేది కాల్చిన చింతపుల్లతో. కలమేమో వెదురుపుల్లకి గుడ్డ చుట్టి కట్టింది. ఇక ఆ నల్లని గీతల రహస్యం పాత ఇనుప ముక్కలూ బెల్లమూ! రెండూ కుండెడు నీళ్లలో వేసి వారాల తరబడి ఊరబెడతారు. ఆ నీళ్లలో అంత నలుపేం కనిపించదు. కరక్కాయ పట్టిన బట్టకి తగిలాకే నల్లబడతాయి. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థంతో ఇనుము కలిస్తే అంతే, ఉతికినా పోదు.

ఇదే పని కాగితం మీద చేసి చూడొచ్చు. టీ డికాషన్‌లోనూ టానిన్ ఉంటుంది. చిక్కగా కాచి కాగితానికి పూసి ఆరనివ్వండి. తుప్పు మేకుల్ని వారం పాటు వెనిగర్‌లో నానేసి (మూత బిగించకండి, గ్యాస్ వస్తుంది), ఆ నీళ్లతో దాని మీద గీయండి. గీస్తుండగానే గీత ముదురుతుంది. మా పిల్లలకి ఇది మ్యాజిక్ షోతో సమానం. బట్టలకి అంటితే ఇంట్లో తిట్లు ఖాయం, సీసాని చిన్నపిల్లలకి అందకుండా పెట్టండి.

అలాగని వంటింట్లో ఉన్నవన్నీ నిలిచే రంగులని చెప్పను. పసుపు వెలుతురుకి వెలిసిపోతుంది, సున్నం తగిలితే ఎర్రబడుతుంది. పారాణి కలిపేవాళ్లకి తెలిసిన సంగతే ఇది. బీట్‌రూట్ రంగూ నిలవదు. వాటితో ఆడుకోండి, ఫ్రేము మాత్రం కట్టించకండి. ఇంట్లో చేసినదని చిన్నచూపు చూసేవాళ్లకి నేను జామినీ రాయ్ (1887–1972) పేరు చెబుతాను. ఆయిల్ పోర్ట్రెయిట్లు బాగా వేసే మనిషి అవి వదిలేసి, మట్టిరంగులు, దీపపు మసి, సుద్ద, చింతగింజల జిగురు పట్టుకున్నారు. దేశం గుర్తుంచుకున్నది ఆ బొమ్మల్నే.

అపోహ: ఆర్ట్ గ్యాలరీలు కొనేవాళ్లకోసం, మనలాంటివాళ్లకి కాదు.

చిత్రకారుడు దామెర్ల రామారావు గారి పేరున మా ఊళ్లో గ్యాలరీ ఉంది. 1897లో పుట్టారాయన. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే చేయూతతో బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదివారు. 1925లో, 28 ఏళ్లు నిండకుండానే మశూచితో పోయారు. అంత తక్కువ కాలంలో వేసినవి చూస్తుంటే నాకు ఇప్పటికీ ఈర్ష్యే. ఈ ఊళ్లో పుట్టి పెరిగి కూడా అందులో అడుగు పెట్టనివాళ్లు ఎంతమందో! అక్కడ ఎవరూ మీ చేత ఏమీ కొనిపించరు. హైదరాబాద్ వాళ్లకి సాలార్‌జంగ్ మ్యూజియం ఉండనే ఉంది, శుక్రవారం సెలవు. అనంతపురం వైపు వాళ్లు లేపాక్షి వెళితే కప్పు మీది చిత్రాల్లో చీరల అంచులూ బుటాలే చాలు, పుస్తకం నింపుకోవడానికి. ఒక్క సలహా, అన్నీ చూసేయాలని పరుగెత్తకండి. ఒక్క బొమ్మ ముందు అరగంట నిలబడి పెన్సిల్‌తో గీసుకోండి. కాపలా అతన్ని ముందే అడిగితే సాధారణంగా పెన్సిల్‌కి అభ్యంతరం ఉండదు, రంగులు మాత్రం బ్యాగులోంచి తీయొద్దు.

అపోహ: చూసి వేస్తే అది కాపీ.

సొంత బొమ్మని చెప్పి అమ్ముకుంటే తప్పు, నేర్చుకోవడానికైతే అదే బడి. న్యూయార్క్‌లోని మెట్ మ్యూజియం 2017లో లక్షల బొమ్మల్ని ఉచితంగా వాడుకోవడానికి వదిలింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం సైటులోనూ బొమ్మల్ని పెద్ద సైజులో దించుకోవచ్చు. ఫోన్‌లో ఒక చెయ్యో, ఒక మడతో పెద్దది చేసి అంతవరకే వేయండి.

అపోహ: నాకు బొమ్మలు రావండీ.

ఇలా అన్న ఒకావిడే సంక్రాంతికి 15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేవరకు పెట్టి, ఎక్కడా చెరపకుండా మెలికల ముగ్గు వేశారు. ఇంకేం చెప్పాలి?

అపోహ: ఫీజు కట్టి క్లాసులో చేరితేనే వస్తుంది.

నా పొట్ట కొట్టుకునే మాటే గానీ, మొదటి రెండు మూడు నెలలు మాస్టారు అక్కర్లేదు. బస్టాండులో కూర్చుని మనుషుల్ని గీయండి, ఇంట్లో గిన్నెలు గీయండి. గిన్నె మూతి కోడిగుడ్డులా వస్తోందనో, కూర్చున్న మనిషి పడిపోతున్నట్టు ఉన్నాడనో మీకే తెలుస్తూ, ఎందుకో తెలియనప్పుడు రండి. నేను ఉపయోగపడేది అక్కడే. ప్రభుత్వ లోయర్, హయ్యర్ గ్రేడ్ డ్రాయింగ్ పరీక్షలు రాయాలనుకునేవాళ్లకి క్లాసు అవసరమే, ఆ సిలబస్ వేరు. సరదాగా నేర్చుకునేవాళ్లు నలుగురు కలిస్తే ఇంకా నయం. షీటు ఒకరు, ట్యూబులు ఒకరు, టీ ఫ్లాస్కు ఒకరు తెచ్చుకోవచ్చు. బ్రష్షు మాత్రం ఎవరిది వాళ్లు తెచ్చుకోండి, అరువిచ్చింది మొనతో తిరిగి రాదు.