రాలినా తలను వీడని వెంట్రుక

తెలుగులో జడ వేయడం వేరు, జడలు కట్టడం వేరు. మొదటిది చేతి పని. తలంటుకుని, చిక్కు తీసి, మూడు పాయలుగా విడదీసి అల్లుకుంటాము, రాత్రికో మర్నాటికో విప్పుకుంటాము. రెండవది వెంట్రుకలు తమంతట తామే చేసుకునే పని. దువ్వెన తగలని తలలో అవి ఒకదానినొకటి పెనవేసుకుని, ముద్దకట్టి, విప్పడానికి వీలులేని స్థితికి చేరుకుంటాయి. ఆఫ్రికా మూలాలున్న ప్రజలలో, ముఖ్యంగా అమెరికా, జమైకా, బ్రిటన్ వంటి చోట్ల, విరివిగా కనిపించే ‘లాక్స్’ ఈ రెండింటి నడుమ నిలిచే కేశాలంకరణ: దానిని చేయి మొదలుపెడుతుంది, వెంట్రుక పూర్తి చేస్తుంది. తలనిండా తాళ్ళలా వేలాడే ఆ పాయలను చూసి, వీరు తల కడగరనీ, దువ్వుకోవడానికి బద్ధకించి ఇలా వదిలేశారనీ అనుకునేవారు మనలోనూ తక్కువేమీ లేరు. ఆ అభిప్రాయం ఎంత తప్పో తెలుసుకోవాలంటే ముందుగా వెంట్రుక నిర్మాణాన్ని చూడాలి.

వెంట్రుక నిటారుగా పెరగాలా, మెలి తిరగాలా అన్నది తలచర్మం లోపల ఉన్న కుదురే నిర్ణయిస్తుంది. నల్లజాతి ప్రజలలో చాలామందికి కుదురు చర్మం లోపలే వంపు తిరిగి ఉంటుంది. దానిలో నుంచి వెలువడే వెంట్రుకను అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా కాక కోలగా కనిపిస్తుంది. అది బయటికి వస్తూనే స్ప్రింగులా చుట్టుకుంటుంది. తలచర్మంలో ఊరే నూనె నిటారు వెంట్రుక మీద కొనదాకా పాకగలదు కానీ, ఈ మలుపులను దాటి ఎంతో దూరం పోలేదు. అందువల్ల ఉంగరాల జుట్టు ఎంత బిగుతుగా ఉంటే అంత పొడిగా ఉంటుంది, దువ్విన ప్రతిసారీ మలుపుల దగ్గర విరుగుతుంది. దువ్వెనను పూర్తిగా పక్కన పెట్టించే లాక్స్ అటువంటి జుట్టుకు తగిన ఏర్పాటు.

ముడిపడటానికి మరొక కారణం వెంట్రుక పైపొరలో ఉంది. ఆ పొర ఇంటి పెంకుల వరుసలా, ఒకదానిపై ఒకటి ఎక్కిన పొలుసులతో ఏర్పడి ఉంటుంది, ఆ పొలుసులన్నీ కొన వైపుకు తిరిగి ఉంటాయి. ఉన్ని స్వెటరును వేడినీళ్ళలో ఉతికితే కుంచించుకుపోయి గట్టిపడటానికి ఇలాంటి పొలుసుల రాపిడే కారణం. మనిషి వెంట్రుక పొలుసులు గొర్రె ఉన్ని పొలుసులంతగా పొడుచుకు రావు కనుక నిటారు జుట్టు సులువుగా ముడిపడదు. బిగుతైన ఉంగరాలున్న జుట్టులో మాత్రం ఒక చుట్టలో మరొక చుట్ట దూరి చిక్కుకోవడం వల్ల ఆ కొరత తీరుతుంది.

ఇక అసలు విషయం రాలిన వెంట్రుకలది. ఆరోగ్యంగా ఉన్న తల నుంచి రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలుతాయి. మన ఇళ్ళలో అమ్మమ్మలు దువ్వెనకు చిక్కిన వెంట్రుకలను చుట్టచుట్టి గోడ సందులో దాచేవారు. చాలినన్ని పోగయ్యాక సవరం కట్టించుకునేవారు, లేదా వీధిలోకి వచ్చినవాడికి ఇచ్చి స్టీలు గిన్నె తీసుకునేవారు. లాక్స్ ఉన్నవారి తల ఆ సవరాన్ని తనలోనే కట్టుకుంటూ పోతుంది. కుదురు వదిలిన వెంట్రుక కిందికి జారిపోక, పక్క వెంట్రుకల మెలికలలో ఇరుక్కుని అక్కడే ఉండిపోతుంది.

లెక్క సులువుగా ఉండటానికి తల మీద లక్ష వెంట్రుకలు, వాటితో 100 లాక్స్ ఉన్నాయనుకుందాం. ఒక్కొక్క లాక్‌లో 1000 వెంట్రుకలు ఉంటాయి, వాటిలో రోజుకు సగటున అర నుంచి ఒకటి, అంటే ఏడాదికి 180 నుంచి 365 వరకూ కుదురును వదులుతాయి. ఈ లెక్కన మూడు నుంచి ఐదారేళ్ళలో, మొదలుపెట్టిన నాటి వెయ్యి వెంట్రుకలూ దాదాపుగా తలతో బంధం తెంచుకుంటాయి, అయినా లాక్‌లోనే ఉంటాయి. తల వెంట్రుక ఒక విడతలో పెరిగే కాలం రెండు నుంచి ఆరేళ్ళు కనుక, పదేళ్ళ లాక్ చివరి భాగంలో తలచర్మంతో నేరుగా ముడిపడి ఉన్న వెంట్రుక ఒక్కటైనా ఉండటం అరుదు. ఆ భాగం పూర్తిగా రాలిన వెంట్రుకలతో నేసిన బట్ట వంటిది. ఒకే వెంట్రుక ఎన్నటికీ చేరుకోలేని పొడవును లాక్ చేరుకోవడంలోని మర్మం ఇదే. దాని మొత్తం బరువు తలచర్మానికి దగ్గరగా ఉన్న కాస్త మేర కొత్త వెంట్రుకల మీదే పడుతుందన్న సంగతి కూడా ఇందులోనే ఉంది. సంరక్షణ గురించిన జాగ్రత్తలలో చాలావరకు ఆ కాస్త మేరను కాపాడుకోవడానికే.

మొదలుపెట్టడానికి రెండు మూడు అంగుళాల జుట్టు సరిపోతుంది. తలను చదరపు గడులుగా పాపిటలు తీసి, ఒక్కొక్క గడిలోని జుట్టును దువ్వెన కొనతో చుట్టవచ్చు, రెండు పాయలుగా మెలిపెట్టవచ్చు, సన్నటి జడలుగా అల్లవచ్చు. గడి ఎంత ఉంటే లాక్ మందం దాదాపు అంత ఉంటుంది కాబట్టి, ఏళ్ళపాటు ఉండబోయే నిర్ణయం ఆ పాపిటలలోనే జరిగిపోతుంది. శాన్ డియాగోకు చెందిన జోయాన్ కార్న్‌వెల్ 1993లో రూపొందించిన సిస్టర్‌లాక్స్ పద్ధతిలో గడులు ఎంత చిన్నవంటే, తల మీద నాలుగు వందలకు పైగా లాక్స్ వస్తాయి. జుట్టును తడిపి చుట్టి, పూర్తిగా ఆరనివ్వడం ఈ పద్ధతులలో చాలావాటికి సామాన్యం. వెంట్రుకలోని కెరాటిన్ అనే ప్రోటీను పోగుల మధ్య ఉండే హైడ్రోజన్ బంధాలు తడికి విడిపోయి, ఆరేటప్పుడు కొత్త ఆకారంలో మళ్ళీ ఏర్పడతాయి. ఇవి తాత్కాలిక బంధాలు కనుక మళ్ళీ తడిస్తే చుట్ట వదులవుతుంది. మొదటి తలస్నానాన్ని రెండు మూడు వారాలు ఆపమని నిపుణులు చెప్పేది ఇందుకే.

తరువాతి నెలలు ఓపికకు పరీక్ష. కొన్ని నెలలకు చుట్ట నడుమ వేలికి తగిలేలా చిన్న గట్టి ఉండ ఏర్పడుతుంది, దీనిని మొగ్గ తొడగడం అంటారు. ఆ తరువాత లాక్స్ ఉబ్బి, ఎటుపడితే అటు నిలబడి, వెంట్రుకలు బయటికి పొడుచుకువచ్చే దశ ఒకటి వస్తుంది. నిరాశపడి చాలామంది విప్పేసేది అప్పుడే. కానీ ఉబ్బడం చెడిపోవడం కాదు, లోపలి వెంట్రుకలు కొత్త పట్టు వెతుక్కుంటున్నాయని అర్థం. ఏడాదిన్నర, రెండేళ్ళకు ఆ ఉబ్బు తగ్గి లాక్ బిగుసుకుంటుంది.

కడగకపోతేనే లాక్స్ గట్టిపడతాయన్న మాట పూర్తిగా తప్పు. నూనె పట్టిన వెంట్రుకలు ఒకదానిపై ఒకటి జారిపోతాయి, శుభ్రమైన వెంట్రుకలే బాగా పట్టుకుంటాయి. కుదురుకున్న లాక్స్‌ను వారానికో రెండు వారాలకో తేలికగా వదిలిపోయే షాంపూతో తలచర్మం మీద రుద్ది కడుక్కోవాలి, నురుగును లాక్స్ మీదుగా పిండుతూ పోనివ్వాలి. తలకు దట్టంగా నూనె పెట్టే అలవాటు మనకు మేలే కావచ్చు కానీ, ఇక్కడ అది దుమ్మునూ నూలు పోగులనూ లోపల పట్టి ఉంచుతుంది. తేనెమైనం మరీ ప్రమాదకరం. అది కరగడానికి 62 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడి కావాలి. అంత వేడినీళ్ళు తల మీద పోసుకోలేము కనుక ఒకసారి పూసిన మైనం లోపలే ఉండిపోతుంది. కడిగిన తరువాత లోపలిదాకా ఆరడం మరింత ముఖ్యం. తడి నిలిచిన లాక్ నడుమ బూజు పట్టి వాసన వేస్తుంది, అందువల్ల రాత్రివేళ తలస్నానం చేసి తడితలతో పడుకోకూడదు.

మన నేలపైనా జడలు కట్టిన జుట్టు ఉంది. సాధువుల జటలు అందరికీ తెలిసినవే. మహారాష్ట్ర, కర్ణాటకలలో స్త్రీల జుట్టు ఒక్కసారిగా ముద్దకడితే ఎల్లమ్మ ఆవహించిందని నమ్మి, దానిని కత్తిరించకుండా ఏళ్ళ తరబడి మోయించడం ఉంది. పాపిటలు లేకుండా ఒకే ముద్దగా కట్టిన ఆ జుట్టు మెడను లాగుతుంది, లోపల పేలు చేరుతాయి. మహారాష్ట్ర అంధశ్రద్ధా నిర్మూలన సమితి కార్యకర్తలు వారికి నచ్చజెప్పి ఆ బరువును తొలగిస్తూ వచ్చారు. పైకి ఒకేలా అనిపించినా లాక్స్ దీనికి భిన్నమైనవి. లాక్స్‌లో ప్రతి పాయా వేరు, పాయల మధ్య తలచర్మం గాలికీ నీటికీ అందుతూనే ఉంటుంది.

మురికి అన్న ముద్ర మాత్రం లాక్స్‌కూ తప్పలేదు. 1930లలో జమైకాలో పుట్టిన రాస్తఫారీ అనే మత సంప్రదాయంలో, తలకు కత్తి తగలనీయరాదన్న బైబిలు వ్రతాన్ని అనుసరించి జుట్టు పెంచినవారు దశాబ్దాలపాటు వెలివేతను భరించారు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో 2010లో ఒక నల్లజాతి మహిళ లాక్స్ తీసివేయడానికి ఒప్పుకోనందుకు, ఇచ్చిన ఉద్యోగాన్ని వెనక్కి తీసుకున్నారు. కేశాలంకరణ మార్చుకోగలిగినదే కనుక అది జాతివివక్ష కాదని 2016లో అప్పీలు న్యాయస్థానం తేల్చింది. కుదురు వంపు మనిషి ఎంచుకునేది కాదు, ఆ వంపు నుంచి వచ్చే జుట్టు దువ్వకపోతే చేరుకునే సహజ స్థితి ఇది. ఆ సంగతి ఆ తీర్పులో లెక్కకు రాలేదని నా అభిప్రాయం. 2019లో కాలిఫోర్నియా ‘క్రౌన్’ చట్టంతో ఇటువంటి వివక్షను నిషేధించింది, తరువాత ఇరవైకి పైగా రాష్ట్రాలు అదే దారి పట్టాయి.

సంరక్షణలో అతి ప్రమాదకరమైనది నిర్లక్ష్యం కాదు, అత్యుత్సాహం. కొత్తగా పెరిగిన జుట్టును నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి మెలిపెడితే చాలు. ఆఫ్రికన్ మూలాలవారి జుట్టు సగటున రోజుకు పావు మిల్లీమీటరే పెరుగుతుంది, కాబట్టి వారం వారం మెలిపెట్టేవారు ప్రతిసారీ అదే పాత మొదలును నలిపేస్తున్నట్టు. ఎడతెగని లాగుడు వల్ల కుదుళ్ళు క్షీణించడాన్ని వైద్యులు 1907లోనే, జుట్టును బిగించి ముడివేసుకునే గ్రీన్‌లాండ్ స్త్రీలలో గుర్తించారు. నుదుటి అంచునా కణతల దగ్గరా పాపిట వెడల్పయితే, చిన్న కురుపులు లేస్తే, వెంటనే బిగుతు తగ్గించాలి. ఆ దశలో పోయిన జుట్టు సాధారణంగా తిరిగి వస్తుంది. ఆ లాగుడు ఏళ్ళపాటు సాగితే కుదురు మచ్చకట్టి మూసుకుపోతుంది.

లాక్స్‌ను విప్పాలంటే కత్తిరించక తప్పదనుకుంటారు కానీ, ఓపికగా నీళ్ళూ కండిషనరూ పట్టించి, కొన నుంచి మొదటికి సూదితో కొద్దికొద్దిగా విడదీసుకునేవారూ ఉన్నారు. దానికి రోజులు పడుతుంది. అలా విప్పినప్పుడు ఒడిలో గంపెడు వెంట్రుకలు కుప్పపడతాయి, తెలియనివారు తల పాడైపోయిందని బెంబేలెత్తుతారు. ఆ కుప్పలో అధికభాగం ఏ నాలుగేళ్ళ కిందటో, ఏడేళ్ళ కిందటో కుదురును వదిలి, ఇంతకాలమూ పక్కవాటి పట్టు మీద నిలిచి ఉన్న వెంట్రుకలే.